అరువిచ్చిన గుంత

వీరేశం ఇల్లు కట్టుకున్న నాటి నుంచి ఆ గల్లీలో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది. దారిన పోయేవాళ్లను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి గది గదీ చూపించేవాడు. సూర్యాపేట డిపోలో బస్సు తోలే మనిషి. మిర్యాలగూడ రూటులో ముందు సీట్లో కూర్చున్న పాపానికి ముక్కూ మొహం తెలియని ప్యాసింజర్లు కూడా అతని కిటికీల కొలతలు వినాల్సి వచ్చేదంటే, ఇక ఇరుగుపొరుగు సంగతి వేరే చెప్పాలా? హాలు అయ్యాక వంటిల్లు, వంటిల్లు అయ్యాక మేడ మెట్లు, అన్నీ అయ్యాక చివరికి గేటు పక్కనున్న అరుగు దగ్గరికి తెచ్చి నిలబెట్టేవాడు. ఖమ్మం నుంచి తెప్పించిన నల్ల గ్రానైటు. వంగి చూస్తే మొహం కనిపిస్తుంది.

"ఇది మా అక్క కూసునేతందుకు కట్టిపిచ్చిన," అనేవాడు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం గొప్పలు పోయి గొంతు మెత్తబడేది.

అక్క జంగమ్మ. వీరేశానికి ఊహ తెలియకముందే తల్లి పోతే, వాణ్ని చంకనేసుకుని గొర్రెల వెంట తిరిగి పెంచిన మనిషి. తానూ అప్పటికి పరికిణీలు కట్టుకునే పిల్లే. గొర్రెలు ఒక పక్కకు, తమ్ముడు ఒక పక్కకు పరిగెడితే ముందు తమ్ముణ్నే పట్టుకునేదట. పెళ్లయినా ఊరు దాటలేదు. భర్త ఎర్రయ్యనే ఇల్లరికం తెచ్చుకుంది. ఎర్రయ్య పోయి కొన్నేళ్లయింది. గల్లీ చివర పెంకుటిల్లు, ఇంటిని ఆనుకుని గొర్రెల దొడ్డి, దొడ్లో చిన్న మంద, ఆ మందకు పెద్దగా ఒంటికొమ్ము పొట్టేలు. ఒకప్పుడు అక్కడ ఉన్నది ఆ పెంకుటిల్లు ఒక్కటే, చుట్టూ మేత బీడు. ఊరు పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడింది.

ఇంత ప్రేమగా కట్టిన అరుగు మీద జంగమ్మ ఒక్కనాడూ కూర్చున్న పాపాన పోలేదు.

"జారుతది తమ్మీ," అనేది. "పెండ కాళ్లతోని గా అద్దం మీద యాడ కూసుంట? జర గీ మెట్టు మీద కూసుంట తియ్యి."

పొద్దున్నే వచ్చి ఆ మెట్టు మీదే కూర్చుని, మరదలు నాగరాణి ఇచ్చిన చాయ్ తాగి, తమ్ముడు డ్యూటీకి బయల్దేరుతుంటే "పైలం" అని ఒక్క మాటలో జాగ్రత్త చెప్పి పోయేది. ఆ మాట వినకుండా వీరేశం బస్సు తీసిన రోజు లేదు. ఆ మాట వినబడని రోజు స్టీరింగు చేతికి అతకదని అతని నమ్మకం.

ఇక గుంత సంగతి.

గొర్రె ఎండకు ఓర్చుకుంటుంది, చలికి ఓర్చుకుంటుంది, కాళ్ల కింద తడికి మాత్రం ఓర్చుకోదు. గిట్టల సందులు మెత్తబడి కుంటుతుంది, కుంటుతూ మేత మానేస్తుంది. అందుకని ఎర్రయ్య బతికుండగానే దొడ్డి మూలన మనిషి నిలువు లోతు గుంత తవ్వాడు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక పోశాడు. కప్పు మీది వాన, వాకిట్లో వాన దాంట్లోకే మళ్లించాడు. ఎంత వాన పడ్డా చూస్తుండగానే లోపలికి గుంజుకునేది. దొడ్డి ఎప్పుడూ పొడిగా ఉండేది.

తరువాత చుట్టూ ప్లాట్లు పడ్డాయి. ఇంటికి పర్మిషన్ కావాలంటే ఇంకుడు గుంత ఉండాలన్నారు. ప్లాన్లు గీసి ఆన్‌లైన్‌లో ఎక్కించే ధనుంజయ్ అనే కుర్రవాడు చల్లటి మాట చెప్పాడు. "తవ్వుడు ఎనక సూసుకుందురు గని అన్నా, ముందుగాల గుంత పక్కన నిలబడి ఒక ఫోటో దిగున్రి, అయిపాయె." ఆ ముక్క మొదట చెవిన పడింది వీరేశానికే. అక్క దగ్గర గుంత ఉండగా ఇంకెక్కడికో పోవడమెందుకు? ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి దాని పక్కన నిలబడ్డాడు. తమ్ముడి ఫోటో కదా అని జంగమ్మ గుంత చుట్టూ అలికి ముగ్గు కూడా పెట్టింది.

ఆ తరువాత కిరాణం గురవయ్య వచ్చాడు. ఆ తరువాత పాపయ్య సారు, ఆయన భార్య మరియమ్మ టీచరు వచ్చారు. ఆ తరువాత ఎవరు ఇల్లు మొదలుపెట్టినా దారి తెలిసినట్టు జంగమ్మ దొడ్లోకే వచ్చారు. అడిగిన వస్తువు లేదనడం ఆ మనిషికి చేతకాదు. రోలు అడిగితే రోలు ఇచ్చింది, నిచ్చెన అడిగితే నిచ్చెన ఇచ్చింది, గుంత అడిగితే గుంతా ఇచ్చింది. పైగా చాయ్ పోసి పంపింది. ఇచ్చిపుచ్చుకోవడం ఆ గల్లీలో అలవాటే. దానికొక పట్టింపు కూడా ఉంది. అరువు తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. రెండు నిమ్మకాయలో, గుప్పెడు పల్లీలో వేసి పంపుతారు. జంగమ్మ ఇంటికీ మరియమ్మ టీచరు ఇంటికీ మధ్య ఒకే స్టీలు గిన్నె బతుకమ్మకూ క్రిస్మసుకూ తిరుగుతూ ఏనాడూ ఉత్తగా గడప దాటలేదు.

గుంతను మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. ఇళ్లు లేచాయి. గుంత తవ్వాల్సిన చోట టైల్సు పడ్డాయి, టైల్సు దాటి ర్యాంపులు పడ్డాయి. ఒకరి ర్యాంపు కంటే ఒకరిది జానెడు ఎత్తు. చారెడు మట్టి కనిపిస్తే నామోషీ అన్నట్టు గోడ నుంచి గోడ దాకా సిమెంటు పోశారు. ఇక వాస్తు సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతివాడూ ఈశాన్యం పల్లం చేశాడు, నీళ్లన్నీ ఈశాన్యం నుంచే బయటికి పంపాడు. ఎవరి ఇంటికి వాళ్లకు ఈశాన్యం ఉంది. గల్లీకంతటికీ కలిపి ఈశాన్యం ఎక్కడా అంటే, జంగమ్మ దొడ్డి.

ఒక్క దొడ్డి కోసం తవ్విన గుంత ఊరి వాననంతా ఎక్కడ తాగుతుంది? నిరుడు వానకు కాళ్లు మెత్తబడి రెండు గొర్రెలు పోయాయి. జంగమ్మ వానను తిట్టుకుంది, వాతావరణాన్ని తిట్టుకుంది. ఈ యేడు బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్రామాస, ఇంకా రెండు వారాలుందనగా, మధ్యాహ్నం మొదలైన వాన పొద్దుగూకే దాకా ఆగలేదు.

వీరేశం డ్యూటీ దిగి, గల్లీలో మోకాలి లోతు నీళ్లు చూసి, చెప్పులు చేత పట్టుకుని నేరుగా అక్క ఇంటికి పోయాడు. ఇల్లంతా గొర్రెలు. వంటింట్లో ఒంటికొమ్ము పొట్టేలు ఉప్పు డబ్బా నాకుతోంది. మంచం మీద జంగమ్మ అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. తమ్ముణ్ని చూసి నవ్వింది. ఏడ్చినా, తిట్టినా బాగుండేదనిపించింది వీరేశానికి.

"తిన్నవా?" అంది.

"గదేంది అక్కా, నీళ్లల్ల కూసోని నన్ను తిన్నవా అంటవేంది? లే, మా ఇంటికి నడువ్."

"వీటినేం జెయ్యాలె? నీ టైల్స్ మీద కట్టెయ్యాల్నా?" గొర్రెపిల్ల చెవులు నిమురుతూ మెల్లగా చెప్పింది. "ధనలక్ష్మి ఫోన్ జేసింది తమ్మీ. మఠంపల్లికి రమ్మంటున్నది. అల్లుడు గూడ మంచిగ పిలుస్తుండు. మిర్యాలగూడ మల్సూర్ లేడా, దసరాకు గొర్రెలు కొనేటాయన? పెత్రామాస తెల్లారి వస్తనన్నడు. మందనంత తోల్కపొమ్మన్న."

"మందనంతనా?"

"మంద లేంది నాకు గీడేం పని? పోత. బిడ్డకాడ ఉంట. నా కాళ్లు గూడ గొర్రె కాళ్లే అయినయ్, తడికి ఆగుతలేవు."

సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసే అల్లుడు మంచివాడే, మేనకోడలు ధనలక్ష్మి బంగారమే, మఠంపల్లి ఏమీ దేశం అవతల లేదు. కోదాడ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొక బస్సు. ఆ రూట్లన్నీ వీరేశానికి కంఠతా వచ్చు. కానీ పొద్దున్నే మెట్టు మీద అక్క లేకుండా చాయ్ తాగడం ఎలాగో అతనికి రాదు. యాభై దాటిన మనిషి, మీసాలకు రంగు వేసుకునే మనిషి, ఇంటికి పోయి భార్య చూడకుండా బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. కుళాయి చప్పుడుకు ఏడుపు వినబడదనుకున్నాడు గానీ నాగరాణికి వినబడింది. ఆమె ఏమీ ఎరగనట్టు అన్నం వడ్డించింది.

మర్నాడు మండిపోతూ మున్సిపల్ ఆఫీసుకు పోయి, ఎవరు కనిపిస్తే వాళ్ల మీద ఎగిరాడు. కాలువ లేదన్నాడు, మనుషులు మునుగుతున్నారన్నాడు, మా అక్క ఏమైపోవాలన్నాడు. కొత్తగా వచ్చిన ఇంజనీరు కళ్యాణి అంతా విని, ఆ సాయంత్రమే స్కూటీ మీద వచ్చింది. కోదాడ అమ్మాయి, మాటలో ఆంధ్రా జాడ. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. ర్యాంపులు చూసింది, టైల్సు చూసింది, జంగమ్మ దొడ్డిలో బురద చూసింది. జనం పోగయ్యారు.

"విచిత్రంగా ఉందండి," అంది ట్యాబు తీసి. "మా దగ్గరున్న రికార్డు ప్రకారం మీ గల్లీలో ప్రతి ఇంట్లోనూ ఇంకుడు గుంత ఉంది. మరి ఇన్ని నీళ్లు ఎలా వస్తున్నాయి?"

గురవయ్యకు ఉన్నట్టుండి దుకాణం గుర్తొచ్చింది. పాపయ్య సారు కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కళ్యాణి ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. మనిషి మారుతున్నాడు, చొక్కా మారుతోంది. గుంత అదే. గుంత వెనక, ప్రతి ఫోటోలోనూ, ఫోటో తనకే తీస్తున్నారన్నట్టు తల ఎత్తి చూస్తూ ఒంటికొమ్ము పొట్టేలు. సరిగ్గా అప్పుడే ఆ పొట్టేలు దొడ్డి కంచె మీంచి తల బయటపెట్టి "మే" అంది.

ఆ అమ్మాయి ముందు పెదవి బిగబట్టుకుంది. తరువాత ఆగలేక స్కూటీ పట్టుకుని మరీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "అందరికీ నోటీసులివ్వాలండి నేను," అంది. "పెద్ద కాలువ వస్తుంది, ఎప్పుడొస్తుందో నేను మాటివ్వలేను. వచ్చినా, ఇన్ని ఇళ్ల నీళ్లు బయటికి తోస్తుంటే అది కూడా చాలదు. ఎవరింట్లో పడ్డ వాన వాళ్లింట్లోనే ఇంకితే ఈ అమ్మ దొడ్లోకి ఇంత రాదు. దసరా పోయాక మళ్లీ వస్తాను. ఈ ఫోటోలు అప్పటికి నిజమై ఉంటే నోటీసు సంగతి మర్చిపోతాను."

జంగమ్మ అప్పటిదాకా ఒక పక్కన నిలబడి వింటోంది. స్కూటీ వెళ్లిపోయాక మెల్లగా అడిగింది.

"అంటే, నా దొడ్లకొచ్చేది మొగులు మీది వాన గాదా? గీళ్ల ఇండ్లల్లది?"

వీరేశం తన కొత్త చెప్పుల వంక చూసుకున్నాడు. గల్లీలో అందరికంటే పెద్ద మేడ అతనిదే. పెద్ద మేడకు పెద్ద పైపు. ఆ పైపు నీళ్లన్నీ అందంగా ర్యాంపు మీంచి జారి ఎటు పోతున్నాయో అతను ఇల్లు చూపించేటప్పుడు ఎవరికీ చూపించలేదు, తానూ చూడలేదు. ఆఫీసులో ఎగిరిన ఎగురుడంతా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఆ రోజు పొద్దుగూకే వేళకు జంగమ్మ గొర్రెలను కట్టేసి, కాళ్లు కడుక్కుని, చేతికర్ర పట్టుకుని గల్లీ ఎక్కింది. వీరేశం తన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. మొదట గురవయ్య దుకాణం ముందు ఆగింది.

"గురవయ్యా, నాకాడ గుంత తీస్కపోయినవ్ గద. నాకు అక్కరొచ్చింది. తిరిగియ్యి."

గురవయ్య పకపకా నవ్వాడు. "గుంతను ఎట్ల తిరిగిస్తరు జంగక్కా? గది ఏమన్న చాటనా, జల్లెడనా?"

"ఎట్ల తీస్కపోయినవో గట్లనే ఇయ్యి."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు. రోలు అడిగినట్టే అడిగింది. అరువిచ్చిన వస్తువును అడగడానికి కోపమెందుకు? పాపయ్య సారు ఇంటి ముందు కూడా అదే మాట. సారు ఏదో సర్దిచెప్పబోతే మరియమ్మ టీచరు అడ్డం వచ్చి జంగమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేండ్లల్ల మీ ఇంటికి ఉత్త గిన్నె పంపలే నేను. గిదెట్ల మర్చిపోయిన వదినా?" అంది. చెప్తుంటేనే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలా గడప గడపా అడుగుతూ వచ్చింది. వీరేశం అరుగు మీంచి లేచి నిలబడ్డాడు, చొక్కా సర్దుకున్నాడు. ఏమని చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాడు. జంగమ్మ అతని గేటు ముందుకు వచ్చింది. తల తిప్పి చూసింది, నవ్వింది, ఆగకుండా ముందుకు పోయింది.

వీరేశం చెప్పులైనా లేకుండా వెంట ఉరికాడు. "అక్కా! అందర్ని అడిగినవ్, నన్నడగవా?"

"నిన్నేం అడుగుత తమ్మీ?" అంది ఆమె నిజంగానే ఆశ్చర్యపోతూ. "వాళ్లకు అరువిచ్చిన. నీకు ఊకెనే ఇచ్చిన. ఇచ్చింది మళ్లడుగుతరా ఎవలన్న?"

కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయింది. వీరేశం గల్లీ మధ్యలో నిలబడిపోయాడు. వెనక నుంచి ఆటో హారన్ కొడితే గానీ కదల్లేదు. ఆమె నాలుగు తిట్లు తిట్టి నీ గుంత ఏదిరా అని నిలదీసి ఉంటే, కాలువ మీదో ఆఫీసు మీదో నెట్టి ఏదో ఒకటి వాదించేవాడు. బాకీ లేదు పొమ్మన్న మనిషితో ఏం వాదిస్తాడు?

తెల్లవారి డిపోకు ఫోన్ చేసి సెలవు పెట్టాడు. ముందు వాకిలంతా తిరిగి చూశాడు. ఒక పక్క సంపు, ఒక పక్క సెప్టిక్ ట్యాంకు, ఇంకొక పక్క బోరు. తవ్వడానికి జాగా మిగిలింది ఒక్కటే, గేటు పక్కన, అరుగు కింద. కాసేపు ఆ నల్లరాతిలో తన మొహం చూసుకున్నాడు. సమ్మెట ఎత్తి కొట్టాడు.

చప్పుడుకు నాగరాణి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, సోయి ఉన్నదా? ఎంత మోజుపడి పెట్టిచ్చినవ్!"

"అక్క పోతున్నదే," అన్నాడు వీరేశం.

నాగరాణి అతని మొహం చూసింది, పగిలిన రాయి చూసింది. మొన్న వినబడిన కుళాయి చప్పుడు గుర్తొచ్చింది కాబోలు. లోపలికి పోయి, కొంగు దోపుకుని, గంపతో తిరిగి వచ్చింది. "సమ్మెట గట్ల పడ్తరా? ఏలు పోతది," అని ఒక చురక వేసి రాళ్లు ఎత్తడం మొదలుపెట్టింది.

రెండో మనిషి పరిగెత్తుకొచ్చింది గల్లీ చివర నుంచి. ఆయాసంతో జంగమ్మ నోటి మాట సరిగా రావడం లేదు. "నీకేమన్న పిచ్చి లేసిందార వీరిగా! నా అరుగు ఎందుకు పలగ్గొడ్తున్నవ్?"

వీరేశం సమ్మెట దించి, చెమట తుడుచుకుని, పెద్దగా నవ్వాడు. "నీ అరుగా? ఒక్కనాడన్న కూసున్నవా దీని మీద?"

"కూసోకుంటేంది? నాదే గద!" అని జంగమ్మ పగిలిన రాతిని చేత్తో తడిమింది. నునుపు చూసి అంతదాకా చెయ్యి పెట్టడానికి కూడా వెనకాడిన మనిషి. "గింత మంచి రాయి. గింత మంచిగ కట్టిస్తివి," అంటూ చిన్నపిల్లలా ముక్కు చీదింది. ఎందుకని మళ్లీ అడగలేదు. తెలిసిపోయింది కాబోలు, ఆగమననూ లేదు.

వీరేశం, ఇద్దరు కూలీలు, నాగరాణి కలిసి మనిషి నిలువు లోతు తవ్వారు. అడుగున వేయడానికి పెద్ద రాళ్లు కొనాల్సిన పని లేకపోయింది. ఖమ్మం గ్రానైటు ముక్కలన్నీ దాంట్లోకే పోయాయి. పైన కంకర, దాని పైన ఇసుక. మేడ పైపును ర్యాంపు మీంచి తప్పించి గుంతలోకి తిప్పాడు. అంత షోకైన మనిషి అంత షోకైన రాయి పగలగొట్టుకున్నాక మిగతావాళ్లకు మొహం చెల్లలేదు. పాపయ్య సారు జామచెట్టు పక్కన టైల్సు లేపించాడు. గురవయ్య దుకాణం వెనక మొదలుపెట్టి, తిట్టుకుంటూనే పూర్తి చేశాడు. దసరా పోయాక చూద్దామన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లెక్కడైనా ఉంటారు. మొత్తానికి గల్లీ అంతా గడ్డపారల చప్పుడు.

ఇంత జరిగినా జంగమ్మ మల్సూర్‌కు రావద్దని ఫోన్ చేయలేదు. బిడ్డకు రానని చెప్పనూ లేదు. వీరేశం అడగడానికి నోరు తెరవడం, మూసుకోవడం. పెత్రామాస వచ్చింది. సాయంత్రం ఆడపిల్లలు పూలు పేర్చి బతుకమ్మ ఆడారు. జంగమ్మ చప్పట్లు కొడుతూ అందరి మధ్యా తిరుగుతుంటే, ఇదే ఆఖరుసారేమోనని వీరేశం గేటు దగ్గర నిలబడి కళ్లార్పకుండా చూశాడు.

తెల్లవారుతూనే వాన దిగింది. మామూలు వాన కాదు, కుండపోత. వీరేశం గొడుగు తీసుకుని బయటికొచ్చాడు గానీ గొడుగు తెరవడం మరిచిపోయి తడుస్తూ గుంత ముందు గొంతుక్కూర్చున్నాడు. మేడ మీది నీళ్లు పైపులోంచి దబదబా వచ్చి గుంతలో పడుతున్నాయి. ఇసుక మీద సుడి తిరిగి, బుడబుడా బుడగలు లేపుతూ లోపలికి దిగుతున్నాయి. నిండుతుందేమోనని చూస్తాడు, కొంచెం దిగుతుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ దిగుతుంది. లోపల ఎవరో దాహంగా తాగుతున్నట్టే ఉంది. ర్యాంపు మీద మాత్రం నీళ్లు లేవు. గల్లీలో పారుతున్నాయి, కానీ మోకాలి లోతు కాదు, పాదం తడిసేంత.

వాన కొంచెం తగ్గేసరికి మల్సూర్ ట్రాలీ ఆటో గల్లీలోకి వచ్చి ఆగింది. ఆ చప్పుడు విని వీరేశం ఒక్క పరుగున అక్క ఇంటికి పోయాడు. జంగమ్మ దొడ్లో నిలబడి ఉంది. కాళ్ల కింద నేల తడిసింది, అంతే. వచ్చిన కాసిని నీళ్లను ఎర్రయ్య గుంత ఎప్పటిలాగా తాగేసింది. గొర్రెలు తీరిగ్గా నెమరేస్తున్నాయి. మల్సూర్ తాళ్లు భుజాన వేసుకుని కంచె దగ్గరకొచ్చాడు.

"తోలుకోనా అవ్వా?"

జంగమ్మ గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడింది. వీరేశం మల్సూర్‌ను చూడనట్టే అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, జర రా. ఒక్కటి సూపిస్త."

"యాడికిరా, మనిషొచ్చి నిలబడ్డడు..."

"రా అంటున్న గద."

ఇల్లు చూడమని ఊరందరినీ లాక్కుపోయినట్టే ఆమెనూ లాక్కుపోయాడు. ఈసారి హాలు చూపించలేదు, కిటికీలు చూపించలేదు. నేరుగా గుంత ముందు నిలబెట్టాడు. నిండుగా, అంచులకు కొంచెం తక్కువగా నీళ్లు. మధ్యలో ఇంకా బుడగలు వస్తున్నాయి.

"ఇగో, నీ గుంత," అన్నాడు వీరేశం. "నువ్వు ఊకెనే ఇచ్చినవ్ గని, నేను తిరిగిస్తున్న. ఉత్తగ ఇస్తలేను, సూడు."

జంగమ్మ చాలాసేపు చూసింది. గొర్రెపిల్ల ఆమె చంకలోంచి మెడ చాచి నీళ్లు వాసన చూసింది. నీళ్ల అడుగున, ఇసుక కింద, కంకర కింద, ఎక్కడో తన అరుగు ఉంది. వంగి ఒక్క చుక్క వేలితో తీసుకుని తమ్ముడి తడి తల మీద చల్లింది, చిన్నప్పుడు స్నానం చేయించాక చల్లినట్టు. తరువాత చుట్టూ చూసి, గుంత గట్టు మీద చతికిలబడింది. ఇసుక గరుకుగా ఉంది, ఏమీ జారదు. బురద కాళ్లు బారజాపుకుంది.

"నాగరాణీ, చాయ్ ఏదే?" అని ఇంట్లోకి కేకేసింది. "మల్సూర్‌కు గూడ ఒక కప్పు పొయ్యి బిడ్డా. పాపం, గంత దూరం నుంచి వచ్చిండు. ఉత్త బండితోని పోతుండు."